తల మా మైలులో, కాళ్లు వాళ్ల మైలులో

నా చిన్నప్పుడు నేను చూసిన సర్కారు మా తాత ఒక్కడే. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే సడక్ మీద ఆయనకు మూడు మైళ్లు అప్పజెప్పారు. ఆ మూడు మైళ్లలో గుంత పడితే మొరం పోసి దిమ్మిసతో కొట్టాలి. బండి చక్రాలు దిగబడి గాడి పడితే పూడ్చాలి. గాలివానకు చెట్టు విరిగి పడితే కొట్టి పక్కకు లాగాలి. సడక్ పొడుగునా నాటిన వేప మొక్కలకు ఎండాకాలమంతా కావడితో నీళ్లు మోయాలి. ఈ పనికి సర్కారు ఆయనకు ఒక పార, ఒక గడ్డపార, ఒక తట్ట, సడక్ మీద పని నడుస్తున్నప్పుడు బండ్లను ఆపడానికి కర్రకు కట్టిన ఒక ఎర్ర గుడ్డ ఇచ్చింది. వీటిని మా ఇంట్లో దేవుడి పటాల కంటే భద్రంగా చూసుకునేవాళ్లం.

మైలు మైలుకూ ఒక రాయి ఉండేది. మా తాత మైళ్లు ఎల్లారెడ్డి వైపు ఒక రాయి దగ్గర ఆగిపోయేవి. ఆ రాయి దాటితే ఇంకొకాయనవి. తమాషా ఏమిటంటే మా ఇల్లు ఉన్నది ఆ ఇంకొకాయన మైలులో. రోజూ మా తాత పొద్దున్నే లేచి, పక్కవాడి సడక్ మీద నడిచి, తన సడక్ మీదికి పనికి పోయేవాడు. మధ్యాహ్నం సద్ది పట్టుకుని నేనూ అదే దారిన పోయేదాన్ని.

రాయి విలువ నాకు ఒకసారి కళ్లారా తెలిసింది. రాయికి అవతల రెండు మూడు అడుగుల దూరంలో ఒక గుంత ఉంటే, చేతిలో మొరం ఉంది కదా అని మా తాత దాన్ని పూడ్చాడు. సరిగ్గా అప్పుడే దరోగా వచ్చాడు. దరోగా అంటే సడక్ పనివాళ్ల మీద పెత్తనం చేసే ఉద్యోగి. ఒకడి పని ఒకడు చేస్తూ పోతే ఎవడు పని దొంగో తనకెట్లా తెలుస్తుందని సడక్ మీదే నిలబెట్టి కేకలేశాడు. మా తాత చేతులు కట్టుకుని విన్నాడు, సాయంత్రానికి మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు నియమం ఒకటి దొరికితే ఇక చూడాలి. పొరుగు పిల్లలతో ఆడుకునేటప్పుడు కూడా గీత గీసి, ఇది మా మైలు, అది మీ మైలు అని పంచేదాన్ని.

ఆ రోజుల్లో మైలు పంపకానికి ఇంకొక మెలిక కూడా ఉండేది. ముక్కూ మొహం తెలియని మనిషి సడక్ మీద ప్రాణం విడిస్తే, అది ఎవరి మైలు అయితే వాళ్లకు తిప్పలు మొదలయ్యేవి. పోలీసు పటేలుకు చెప్పాలి, ఠాణా నుంచి అమీను సాబు వచ్చేదాకా పీనుగుకు కాపలా ఉండాలి, పంచనామాకు వేలిముద్ర వేయాలి, అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెబుతూ నిలబడాలి. అందుకని ఊరి పొలిమేరల్లోనైనా, మైలురాళ్ల దగ్గరైనా, మనిషి ఇక దక్కడని తోస్తే కాస్త అవతలికి జరిపి, చేతులు కడుక్కుని ఇంటికి పోవడం ఉండేది. అలా చేసినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. మా ఇంటికి వచ్చి అంబలి తాగి పోయే మామూలు మనుషులే.

ఒక ఎండాకాలం, ఉగాది పోయి చాలా రోజులైంది. నేను ఒక చేత్తో సద్ది ముంత, ఇంకొక చేత్తో నీళ్లు నింపిన సొరకాయ బుర్ర పట్టుకుని తాత దగ్గరికి పోతున్నాను. రాయి ఇంకా రెండు ఫర్లాంగుల దూరం ఉందనగా ఒక చిన్న వేపచెట్టు కింద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మరాఠీవాళ్ల తీరున కాష్టా పోసి కట్టిన చీర, పక్కన ఒక మూట, కాళ్ల నిండా దుమ్ము. బిచ్కుంద దిక్కు మనిషని చూడగానే తెలుస్తోంది. అంత దూరం నుంచి నడిచి వస్తోంది. మొహం కమిలిపోయి ఉంది. నన్ను చూసి చెయ్యి చాపింది.

“బాళా, జరా పాణీ దే,” అంది.

పాణీ అంటే నీళ్లని నాకు తెలుసు. బుర్ర నా చేతిలోనే ఉంది, నిండుగా ఉంది. ఇచ్చి ఉంటే సరిపోయేది. కానీ అవి మా తాత నీళ్లు, అంటే నా లెక్కలో సర్కారు నీళ్లు. పైగా మా తాత తన మైళ్లలో ఒక పొద చాటున దారిన పోయేవాళ్ల కోసం కుండ పెట్టి ఉంచేవాడు. సర్కారు చెప్పని పని కాబట్టి దరోగా కంటబడకుండా పెట్టేవాడు. నీళ్లు కావలసినవాళ్లు అక్కడికి పోవాలి కదా, ఇక్కడ అడగడమేమిటి అని నాకు తోచింది.

“గిది మా మైలు గాదు. ఆ రాయి దాటి పోతె మా తాత ఉంటడు. ఆడ కుండ ఉంటది, పో,” అన్నాను.

కసిరినట్టు కూడా అనలేదు. ఏదో సర్కారు కచేరీలో కూర్చున్న గుమాస్తా దారి చెప్పినట్టు చెప్పాను. ఆమె రాయి వైపు చూసింది, మళ్లీ నా చేతి వైపు చూసింది. నేను నడిచిపోయాను.

మా తాత చెట్టు నీడన కూర్చుని అంబలి తాగాడు, బుర్రలో సగం నీళ్లు తాగాడు. నేను కంకర రాళ్లు ఏరుకుని ఆడుకుంటూ కూర్చున్నాను. ఆమె సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పవలసిన సంగతిగా అనిపించలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. అవతలి మైళ్లాయన అరుపు వినబడింది.

“ఓ కాకా! నీ మైలుల ఎవరో ఆడామె వడ్డది, జల్ది రా!”

పరుగెత్తుకుంటూ పోయాం. ఆమే. రెండు ఫర్లాంగులు ఎలా నడిచిందో, పాకిందో, చేతులూ మోకాళ్లూ గీసుకుపోయి ఉన్నాయి. సరిగ్గా రాయి దగ్గరికి వచ్చి బోర్లా పడిపోయింది. తల మా మైలులో ఉంది, కాళ్లు అవతలి మైలులో ఉన్నాయి.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది. మా తాత గొప్పవాడని చెప్పడానికి కూర్చున్నాను కానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదట ఆయనా రాయినే చూశాడు.

“నా మైలుల ఏడరా? కాళ్లు నీ దిక్కే ఉన్నయి గదా,” అన్నాడు.

“కాళ్లు గాదు కాకా, తల లెక్క. మనిషంటె తలనే గదా,” అన్నాడు అవతలాయన.

ఇద్దరూ నిలబడి వాదులాడుకున్నారు. కాళ్లతో నడిచి వచ్చింది కాబట్టి కాళ్లే లెక్కని ఒకరు, ఊపిరి ముక్కులోంచి ఆడుతుంది కాబట్టి తలే లెక్కని ఒకరు. కాస్త అటు జరుపుదామా, ఇటు జరుపుదామా అన్నంతవరకూ వచ్చింది. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు కానీ ఏమంటోందో నాకు తెలుసు. ఆ ఇద్దరికీ తెలియదు.

మా తాత మాట మధ్యలో ఆపేశాడు. కింద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుని, బుర్ర ఇలా తెమ్మని నా వైపు చెయ్యి చాపాడు. నేను తెచ్చిన ఆ బుర్రలోని మిగిలిన సగం నీళ్లనే చుక్క చుక్కగా ఆమె నోట్లో పోశాడు. రెండు గుక్కలు దిగాయో లేదో ఆమె వాంతి చేసుకుంది. అవతలాయన గత్తర గత్తర అంటూ పది అడుగులు వెనక్కి గెంతాడు. గత్తర అంటే కలరా. అది వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యే రోజులవి. ఆ మాట వింటే కన్నతల్లి కూడా గడప అవతలే నిలబడేది. మా తాత కూడా ఆ మాట విన్నాడు. అయినా ఆమె తల ఒళ్లోంచి దించలేదు.

“గత్తర అయితె అయితది. కామారెడ్డి దవాఖానకు తోలాలె,” అన్నాడు.

తోలడానికి ఏముంది? బండి కట్టుకుని పోతే పొద్దు గూకుతుంది. రోజుకొక్కసారి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు పోతుంది. అది వచ్చే వేళయింది. కానీ ఆ బస్సు చెయ్యెత్తితే ఆగేది కాదు. టపా సంచి అందులోనే పోతుంది, రైలు వేళకు అందించాలి. పైగా గత్తర మనిషిని ఎక్కించుకోకూడదని దానికొక నియమం. దూరంగా దుమ్ము లేవడం కనబడింది.

మా తాత ఆమె తల కింద తన తలగుడ్డ పెట్టి, పోయి గడ్డపార, తట్ట, ఎర్ర గుడ్డ కర్ర తెచ్చాడు. సడక్ నడిమధ్య గడ్డపార అడ్డం పెట్టి, దాని ముందు ఎర్ర గుడ్డ పాతి, వచ్చి ఆమె తల మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ గుడ్డ ఉన్నచోట సడక్ బందు. దాన్ని దాటించిన డ్రైవరు మళ్లీ బండి ఎక్కడు. తీయవలసింది మైలు పనివాడొక్కడే. అంత మంచి సడక్ మీద, ఒక్క గుంత కూడా లేని చోట, ఎర్ర గుడ్డ గాలికి ఆడుతుంటే అవతలాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

బస్సు ఆగింది. డ్రైవరు తలుపు తీసుకుని సగం కిందికి దిగాడు.

“క్యా హై బాబా? సడక్ మంచిగనే ఉన్నది గదా!”

“బందున్నది. మనిషి వడ్డది.”

“పక్కకు జరుపు, పోత.”

“జరుపుత. నీ బండిలకే జరుపుత,” అన్నాడు మా తాత.

బస్సులో గోల మొదలైంది. గత్తర అని ఎవరో అననే అన్నారు. డ్రైవరు పక్క సీటులో తెల్లటి షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, ఏదో కచేరీలో ఉద్యోగి. ఆయన తల బయటికి పెట్టి, నీ మీద రాస్తాను, నీ నౌకరీ ఉండదు అని మా తాతను బెదిరించాడు. డ్రైవరు కూడా గట్టిగానే అడిగాడు, ఇంతమంది ఉన్నారు, గత్తర అయితే ఎలా అని. మా తాత లేవకుండానే జవాబు చెప్పాడు.

“అయితె మొదలు నాకే అయితది. పట్టుకున్నది నేనే గదా.”

డ్రైవరు కిందికి దిగి వచ్చి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఎండ వైపు చూశాడు, టపా సంచి తలుచుకున్నాడేమో. అటు తిరిగి, ఆ షేర్వానీ ఆయనను వెనక్కి వెళ్లి కూర్చోమన్నాడు. బస్సు నాదే కానీ రాత మీది, రాసుకోండి సాబ్ అన్నాడు మర్యాదగానే. ఆమెను తన పక్కనే కూర్చోబెట్టించుకున్నాడు. పడిపోకుండా పట్టుకోవడానికి ఒకరుండాలి. సెలవు లేకుండా మైళ్లు విడిచి పోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మా తాత ఒక్క క్షణం అవతలాయన వైపు చూశాడు.

“నువ్వు పో కాకా. రెండు దిక్కుల నేనే జూస్త,” అన్నాడాయన, ఇంకా దూరంగానే నిలబడి.

ఎర్ర గుడ్డ పెరికి ఆయన చేతిలో పెట్టి మా తాత బస్సెక్కాడు.

బాగా చీకటి పడ్డాక నడుచుకుంటూ తిరిగి వచ్చాడు. మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, ఆయనను వాకిట్లోనే ఆపి వేపాకు నీళ్లతో తానం చేయించింది. గత్తర కాదు మొర్రో, ఎండదెబ్బ అని దవాఖానాలో డాక్టరు చెప్పాడని ఆయన నెత్తిన నీళ్లు పడుతుండగానే అరుస్తున్నాడు. బాపమ్మ వినలేదు. అన్నం ముందు కూర్చున్నాక మిగతాది చెప్పాడు. ఆమె బిడ్డను మాచారెడ్డికి ఇచ్చారట, ఆ పిల్లకు నెలలు నిండాయట, పురుడు పోయడానికి పోతోందట. ఇంకొక గంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడట డాక్టరు.

ఆ గంట నాది. రెండు ఫర్లాంగులు ఆమె పాకి వచ్చిన గంట. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఎండలో తిరిగి దీనికీ తగిలిందేమో అని బాపమ్మ నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

నాలుగో రోజు దరోగా సైకిలు మీద వచ్చాడు. ఆ పెద్దమనిషి అన్నంత పనీ చేసి అర్జీ రాశాడు. బాగున్న సడక్ ఎందుకు బందు పెట్టావు, ఎవరినడిగి మైళ్లు విడిచిపోయావు అని దరోగా కాగితం చూసి అడిగాడు. మా తాత నౌకరీ పోతుందని బాపమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నా వల్లనే పోతుందని నేను ఆమె వెనక నిలబడ్డాను. మా తాత మాత్రం సడక్ సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

“దొరా, సడక్ మీద ఏది వడ్డా నేను తియ్యాలె గదా. చెట్టు వడితె తీస్త, బండి ఇరిగితె తీస్త. మనిషి వడితె తియ్యొద్దని మీరు ఎన్నడు జెప్పలే.”

దరోగా చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత, మనిషి పడిందని రాస్తే పోలీసులు వస్తారు, పంచనామా అంటారు, నాకూ తిప్పలు, నీకూ తిప్పలు అన్నాడు. వేపచెట్టు విరిగి సడక్‌కు అడ్డంగా పడిందనీ, మైలు పనివాడు బస్సువాళ్ల సాయంతో తీయించాడనీ రాశాడు. మా తాత వేలిముద్ర వేశాడు, సాక్షిగా అవతలాయన వేశాడు. రాత అయ్యాక దరోగా, మైళ్లు విడిచి పోయినందుకు పావుగంట కేకలేసి తన పరువు దక్కించుకున్నాడు. ఆ కాగితం హైదరాబాదులో ఏ అటకమీదైనా ఉంటే, ఆ తల్లి అందులో ఇప్పటికీ వేపచెట్టుగానే ఉంటుంది.

కథ అక్కడితో అయిపోతే మా తాత గురించి గొప్పగా చెప్పుకుని ఊరుకునేదాన్ని. అయిపోలేదు. నెల దాటాక ఒక మధ్యాహ్నం బస్సు రాయి దగ్గర తనంతట తానే ఆగింది. అదే డ్రైవరు. ఆమె దిగింది, చేతిలో బెల్లం మూట. బిడ్డకు కొడుకు పుట్టాడని, చేతులారా తానే పురుడు పోశానని చెప్పింది. నిమ్మళంగా ఉన్నప్పుడు తెలుగు బాగానే మాట్లాడుతుంది. మా తాతకు దండం పెట్టింది. తర్వాత నన్ను చూసింది. నేను తాత వెనక్కి పోబోయాను. గుర్తుపట్టి అందరిలో నిలదీస్తుందనుకున్నాను.

ఆమె నన్ను ముందుకు లాగి, నా తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది.

“గీ బిడ్డెనే నాకు తొవ్వ జూపింది. రాయి కాడికి పో, మా తాత ఉంటడన్నది. లేకుంటె ఆ చెట్టు కిందనే సచ్చిపోదును,” అంది డ్రైవరుతో, మా తాతతో, బస్సులో ఉన్నవాళ్లందరితో. బస్సులోవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూశారు. చిన్నపిల్లయినా ఎంత తెలివో అన్నారెవరో.

ఆమె నిజంగానే అలా అనుకుందా, పసిపిల్ల అని క్షమించి అలా అందా, నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు నా చేతిలోని బుర్రను ఆమె చూసింది, అది మాత్రం తెలుసు.

బస్సు పోయింది. మా తాత బెల్లం మూట నా చేతికి ఇవ్వలేదు. దిమ్మిస మీద చెయ్యి ఆనించి అడిగాడు.

“ఆనాడు బుర్రల నీళ్లు ఎన్ని ఉండెనే?”

“నిండ ఉండె తాతా.”

ఊఁ అన్నాడు. కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఆయన దిమ్మిస ఎత్తి పనిలో పడ్డాడు. చాలాసేపటి తర్వాత, నా వైపు చూడకుండా, “నేను గూడ మొదలు రాయినే జూస్తి గదా,” అన్నాడు. అంతే. ఆ మాట మళ్లీ మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

పెద్దయ్యాక నేను సర్కారు దవాఖానాలో ఆయాగా చేరి చాలా ఏళ్లు పనిచేశాను. ఇది మా వార్డు కాదు, అటు పో అనే మాట అక్కడ రోజుకు వందసార్లు వినబడేది. అన్నవాళ్ల మీద నాకు కోపం వచ్చేది కాదు. ఆ గొంతు నాకు బాగా తెలిసినదే కదా. అలాంటివాళ్లను నేను చెయ్యి పట్టుకుని ఆ అటుదాకా తీసుకుపోయి వచ్చేదాన్ని. నా పని మిగిలిపోయి చీవాట్లు తిన్నాను కూడా. మంచిదానివమ్మా అని వాళ్లు చేతులు పట్టుకుంటే మాత్రం నిలబడలేక ఇవతలికి వచ్చేసేదాన్ని. ఆ రోజు ఆ తల్లి నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే, ఏడ్చి, ఎప్పుడో మరిచిపోయేదాన్ని. దీవించి పోయింది.